బెదురు లవ్‌బర్డ్‌ను మచ్చిక చేసుకోవడం: పంజరం మూల నుంచి వేలి మీదికి

కొత్త లవ్‌బర్డ్‌ను తెచ్చుకున్నవాళ్లు మర్నాడే అడిగే మాట ఒకటే. "దగ్గరికెళ్తే చాలు పంజరమంతా కొట్టుకుంటోంది, చెయ్యి పెడితే కరుస్తోంది, ఏం చెయ్యాలి?" షాపువాళ్ల దగ్గర దీనికి రెండు సలహాలు సిద్ధంగా ఉంటాయి. రెక్కలు కత్తిరించెయ్యమంటారు, లేదంటే గుడ్డ వేసి పట్టుకుని అలవాటయ్యేదాకా గుప్పిట్లోనే ఉంచుకోమంటారు. గుప్పిట్లో పెట్టుకుంటే కాసేపటికి కదలకుండా ఉండిపోతుంది, నిజమే. అయితే అది మచ్చికవడం కాదు. ఇక తప్పించుకోలేనని బిగుసుకుపోవడం. మర్నాడు మీ చెయ్యి కనబడగానే ఇంకా ఎక్కువ బెదురుతుంది.

ఇక్కడ చెప్పే పద్ధతంతా ఒక్క విషయం మీద నడుస్తుంది: వద్దనుకుంటే వెనక్కి జరిగే వీలు పిట్టకు ప్రతి క్షణం ఉండాలి. ఎంత దూరం అన్నది మీరు కాదు, అది నిర్ణయించాలి. ఓపిక కావాలి, కానీ నేర్పడానికి రోజుకు పావుగంటకు మించి సమయం అక్కర్లేదు.

ముందు మీ దగ్గరున్నది ఏ పిట్టో చూసుకోండి

మన దగ్గర లవ్‌బర్డ్స్ అని అమ్మేవాటిలో చాలావరకు బడ్జీలే. పొడుగు తోక, తల వెనక నుంచి రెక్కల దాకా నల్ల చారలు ఉంటే అది ఆస్ట్రేలియా బడ్జీ. అసలు లవ్‌బర్డ్ కావాలంటే హైదరాబాద్ పిట్టల బజారు ముర్గీ చౌక్‌లో అయినా "ఆఫ్రికన్ లవ్‌బర్డ్" అని విడిగా అడగాల్సిందే. బొద్దుగా, పొట్టి తోకతో, తలకు మించిన ముక్కుతో ఉంటుంది. బరువు 40 నుంచి 60 గ్రాములు. మొత్తం తొమ్మిది జాతులున్నా ఇళ్లలో కనిపించేవి ప్రధానంగా మూడు: నమీబియా, అంగోలా వైపు ఎండు ప్రాంతాల పీచ్ ఫేస్, టాంజానియాకు చెందిన ఫిషర్, మాస్క్‌డ్. ఈ చివరి రెండింటికీ కంటి చుట్టూ తెల్లటి ఉంగరం ఉంటుంది, పీచ్ ఫేస్‌కు ఉండదు. చట్టం విషయంలోనూ ఈ తేడా పనికొస్తుంది. ఫిషర్, మాస్క్‌డ్ సైటిస్ (అడవి జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి 2024 నాటి కేంద్ర నిబంధనల కింద కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. పీచ్ ఫేస్‌ను సైటిస్ ఆ జాబితా నుంచి మినహాయించింది.

ఈ మెట్లు బడ్జీకీ పనికొస్తాయి. కాకపోతే బడ్జీ కరిస్తే గిల్లినట్టు ఉంటుంది, లవ్‌బర్డ్ కరిస్తే రక్తం వస్తుంది. తన చోటు మీద దానికి పట్టు కూడా ఎక్కువ.

ఇంకా కొనకపోతే ఒక మాట. షాపులో మిగతావన్నీ ఎగురుతుంటే ఒక్కటే ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసి, చెయ్యి పెట్టినా కదలకుండా కూర్చుంటే "ఇది భలే సాధువు" అని తీసుకోకండి. అది జబ్బు పిట్ట. బెదిరి పక్కకు ఎగిరిన పిట్టే మేలు. పీచ్ ఫేస్‌లో ముక్కు మొదట్లో నల్ల మరక, వెలిసినట్టున్న ముఖం కనిపిస్తే అది ఈ మధ్యే గూడు వదిలిన పిల్ల అని అర్థం. దారికి త్వరగా వస్తుంది. పెద్ద బోనులో గుంపుతో పెరిగిన ముదురు పిట్టకు నెలలు పట్టవచ్చు. చేతితో మేపితే బాగా మచ్చికవుతుందని ఇంకా గింజ తినడం రాని పిల్లను అంటగడతారు. దాని జోలికి వెళ్లకండి. కలిపిన మేత కాస్త వేడెక్కువైతే గొంతు కింద ఉండే మేత సంచి కాలిపోతుంది, చల్లారితే అరగదు.

పంజరం సర్దుబాటు

రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉంటే ఒక పిట్టకు సరిపోతుంది. గుండ్రటి పంజరం అందంగా ఉంటుంది గానీ బెదురు పిట్టకు వెనక్కి చేరడానికి అందులో మూలే ఉండదు. ఒక వైపు గోడకు ఆనించండి. పిట్ట కూర్చునే కొమ్మ మీ ఛాతీకీ కంటికీ మధ్య ఎత్తులో రావాలి. నేల మీదో స్టూలు మీదో పెడితే పక్కన నడిచే ప్రతి మనిషీ దానికి పైనుంచి దిగే గద్దే.

హాల్లో ఓ మూల మంచిది, నడవా దారిలో వద్దు. వంటిల్లు అసలు వద్దు. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మర్చిపోతే దాని నుంచి వచ్చే ఆవిరి మనకు వాసన కూడా తెలియకముందే పిట్టను చంపేస్తుంది. పూజ గది పక్కన కూడా పెట్టకండి. అగరుబత్తి, సాంబ్రాణి, కర్పూరం, దోమల చుట్ట, బొద్దింకల స్ప్రే ఏదైనా దాని ఊపిరికి బరువే.

లోపల షాపువాళ్లిచ్చిన నున్నటి ప్లాస్టిక్ పుల్లలు తీసేసి జామ కొమ్మలు, వేప కొమ్మలు కడిగి ఆరబెట్టి, లావూ సన్నం కలిపి కట్టండి. అందులో ఒకటి తలుపుకు దగ్గరగా ఉండాలి, తర్వాత పనంతా దాని మీదే. అద్దం ఉంటే తీసేయండి. పంజరంతో పాటు ఇచ్చిన మట్టి కుండను కూడా తీసేయండి. జనం ఎక్కువగా పట్టించుకోనిది ఈ కుండనే. కుండ ఉన్నంతకాలం పెట్టపిట్టకు అది గూడు, మీ చెయ్యి దొంగ. గుడ్లు పెట్టే ఊపులో ఉన్న పీచ్ ఫేస్ పెట్టను చూస్తే తెలుస్తుంది. కాగితం అంచు పట్టుకుని కుట్టుమిషన్‌లా వరసగా కొరుకుతూ సన్నటి పేలిక తీస్తుంది, మెడ వెనక్కి తిప్పి దాన్ని నడుము ఈకల్లో దోపుకుంటుంది, మళ్లీ ఇంకోటి. ముచ్చటగా ఉంటుంది గానీ ఆ రోజుల్లో చెయ్యి పెడితే వదలదు. కాగితాలు, అట్టపెట్టెలు, చీకటి మూలలు లేకుండా చేస్తే ఆ ఊపు తగ్గుతుంది.

రాత్రిపూట పది పన్నెండు గంటల పాటు చీకటి కావాలి. హాల్లో టీవీ పదకొండు దాకా నడిచే ఇల్లైతే తొమ్మిదింటికే పిట్టను వేరే గదిలోకి మార్చండి. నిద్ర చాలని పిట్ట చిరాకుగా ఉంటుంది, కరుస్తుంది.

మొదటి వారం: చేతులు కట్టుకుని కూర్చోండి

మేత, నీళ్లు, అడుగున కాగితం మార్చడం తప్ప చెయ్యి లోపలికి పోకూడదు. ఆ పని కూడా రోజూ ఒకే వేళకి, నెమ్మదిగా, మాట్లాడుతూ చేయండి. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి: పంజరం తట్టడం, వేలు పెట్టడం, చుట్టాలొస్తే తీసుకెళ్లి చూపించడం ఏవీ లేవు.

మిగతా సమయంలో ఆరేడు అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, పిట్టకు కాస్త పక్కగా తిరిగి, మీ పని మీరు చూసుకోండి. పేపర్ చదవండి, చిక్కుళ్లు ఒలవండి, ఫోన్ మాట్లాడండి. రెండు కళ్లూ దాని మీదే పెట్టి తదేకంగా చూడకండి. వేటాడేవి అలా చూస్తాయి. మీరున్నప్పుడు అది గింజలు తినడం మొదలుపెడితే ఆ దూరం దానికి సమ్మతమే. మర్నాడు కుర్చీ అర అడుగు ముందుకు జరపండి. తినడం ఆపి నిక్కి చూసిందా, మళ్లీ వెనక్కి.

పిట్ట ఏమంటోందో చదవడం

ఈ భాగం వస్తే మిగతాదంతా సులువు. భయపడ్డ లవ్‌బర్డ్ సన్నబడుతుంది. ఈకలన్నీ ఒంటికి అతుక్కుపోయి, మెడ నిక్కి, ఉన్నదానికంటే పొడుగ్గా కనిపిస్తుంది. తర్వాత బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంది. అంటే ఎగరడానికి సిద్ధం. మూలకు చేరి, ఒళ్లు దించి, ముక్కు తెరిచి మీ వైపు పెట్టిందంటే ఇక వెనక్కి చోటు లేదు, ఇంకో అంగుళం వస్తే కరుస్తానని చెప్తోంది. మనం చూడాల్సింది ఈ చివరి దశను కాదు, ఈకలు బిగిసిన ఆ మొదటి క్షణాన్ని. అక్కడే ఆగండి. కదలకండి, మాట్లాడకండి. ఈకలు మళ్లీ వదులైతే అర అడుగు వెనక్కి వెళ్లి అప్పటికి వదిలెయ్యండి. అది బిగుసుకున్నప్పుడు మీరు ఆగుతారని తెలిస్తే కరవాల్సిన అవసరం దానికి రాదు.

కుదురుగా ఉన్న పిట్ట ఒళ్లు విదిల్చుకుంటుంది. ఈకలు ముక్కుతో దువ్వుకుంటుంది. ఒక రెక్క, అదే వైపు కాలు కలిపి వెనక్కి చాపి ఒళ్లు విరుచుకుంటుంది. సాయంత్రాలు ఒంటికాలి మీద నిలబడి పై ముక్కుకు కింది ముక్కు రాస్తూ సన్నగా గరగరమనిపిస్తుంది. మీరు మూడడుగుల్లో ఉండగా ఈ చప్పుడు వినిపించిందంటే తర్వాతి మెట్టుకు వెళ్లొచ్చు.

నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుంటే అది భయం కావచ్చు, మే నెలైతే ఎండ దెబ్బ కావచ్చు. ముందు నీడ, తగినంత గాలి, స్నానానికి వెడల్పు గిన్నెలో నీళ్లు చూడండి. మచ్చిక సంగతి సాయంత్రం.

ఇష్టమైన గింజ కనిపెట్టడం

ఓ రెండు రోజులు గిన్నెలో నాలుగైదు రకాలు కలిపి వేసి, ముందుగా దేనికోసం వెతుకుతుందో చూడండి. సాధారణంగా పొద్దుతిరుగుడు గింజ గెలుస్తుంది, లేదా కొర్ర కంకి. ఏది గెలిస్తే దాన్ని గిన్నెలోంచి పూర్తిగా తీసేయండి. ఇకమీదట అది మీ చేతి నుంచే దొరకాలి. పొద్దుతిరుగుడులో కొవ్వెక్కువ, రోజుకు కొన్ని చాలు. నా ఓటు కొర్ర కంకికే. పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఒక చివర మీరు, ఇంకో చివర పిట్ట. మొదట్లో ఆ జానెడు దూరమే దానికి ధైర్యం. రాయలసీమలో, పాలమూరు వైపు తెలిసినవాళ్లుంటే పంట చేతికొచ్చినప్పుడు కంకులు తెప్పించుకోండి. దొరక్కపోతే పొట్టుతో ఉన్న కొర్రలు చెంచాలో పోసి పట్టినా సరే. పొట్టు తీసిన కొర్ర బియ్యం కంటే, ఒలుచుకు తినే గింజంటేనే వాటికి సరదా.

ఆకలికి మాడ్చి దారికి తెచ్చుకోవాలని మాత్రం చూడకండి. ఇంత చిన్న పిట్ట కొన్ని గంటలు తినకపోయినా నీరసించిపోతుంది. ఉదయం గిన్నె మార్చే ముందు కాసేపు కంకి చూపిస్తే చాలు. రోజూ మేతలో మునగాకు, కొత్తిమీర, క్యారెట్, లేత మొక్కజొన్న కలపండి. అవకాడో, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, కాఫీ, టీ, మన తాలింపులూ ఉప్పూ ఏవీ పెట్టకూడదు.

కడ్డీల బయట నుంచి అరచేతి దాకా

ముందు పంజరం బయటి నుంచి, కడ్డీల మధ్యగా కంకి చివర లోపలికి పెట్టి కదలకుండా ఉండండి. చెయ్యి పిట్ట ఎత్తులోనో కాస్త కిందనో ఉండాలి, తల మీదుగా ఎప్పుడూ రాకూడదు. మొదటిసారి దూరం నుంచే చూస్తుంది. ఒక నిమిషం ఉంచి తీసేయండి. రోజూ రెండుసార్లు, ఒకే వేళకి. ఒక రోజు వస్తుంది. అప్పుడు దాని కాళ్లు చూడండి. పాదాలు కొమ్మ మీద దూరంగానే ఉంటాయి, మెడ మాత్రం సాగి సాగి ముక్కు చివరతో ఒక్క గింజ లాగుతుంది, వెంటనే వెనక్కి. పాదాలు కూడా ముందుకు జరిగి, వంగకుండా నిలబడి తింటున్నప్పుడే ఈ మెట్టు పూర్తయినట్టు. చాలామంది మెడ సాగినప్పుడే సంబరపడి తలుపు తెరిచేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది.

తర్వాత తలుపు తెరిచి అదే కంకి తలుపు దగ్గరి కొమ్మ పక్కన పట్టండి. చెయ్యి గడప దాటకూడదు. కొన్నాళ్లకు వేళ్లు లోపలికి, ఆపైన మణికట్టు దాకా. కంకిని రోజూ కొంచెం పొట్టిగా పట్టుకుంటూ వస్తే ముక్కుకూ వేళ్లకూ మధ్య దూరం దానంతటదే తగ్గుతుంది. చివరికి అరచేతిలో గింజలు. గాజులు, ఉంగరాలు, మెరిసే నెయిల్ పాలిష్ ఈ రోజుల్లో వద్దు. నిన్నటిదాకా తిన్న చేతినే గోరింటాకు పండాక పరాయిదానిలా చూసే పిట్టలున్నాయి. చేతి తొడుగులు కూడా వద్దు. అలవాటు పడాల్సింది మీ చేతికి.

పుల్ల ఆట

ఇదివరకు దీన్ని సర్కస్ విద్య అనుకునేవారు గానీ, బెదురు పోగొట్టడానికి దీన్ని మించింది లేదు. ఐస్‌క్రీమ్ పుల్ల ఒకటి తీసుకుని పిట్ట ముక్కుకు రెండంగుళాల దూరంలో పట్టండి. లవ్‌బర్డ్‌కు ఏదైనా కొరికి చూడాలనే గుణం ఉంది కాబట్టి కాసేపటికి ముక్కుతో తాకుతుంది. తాకిన క్షణంలోనే నాలుకతో "టక్" అనండి, వెంటనే ఒక గింజ ఇవ్వండి. టక్ అంటే గింజ వస్తుందని త్వరలోనే పట్టేస్తుంది. ఇక పుల్లను అంగుళం పక్కకు జరపండి. నడిచి వచ్చి తాకుతుంది. కొమ్మ ఈ చివర నుంచి ఆ చివరకు, పై కొమ్మ నుంచి తలుపు దగ్గరికి, చెయ్యి తగలకుండానే ఎక్కడికైనా పిలవొచ్చు. ఒక విడతకు మూడు నుంచి ఐదు నిమిషాలు. అది విసుక్కునే ముందే మీరే ఆపండి.

వేలి మీదికి

పొట్ట మీద వేలు పెట్టి వెనక్కి నెడితే తూలి ఎక్కేస్తుందని చెప్తుంటారు. పాదం పట్టు తప్పించి ఎక్కించడం బెదురు పిట్ట విషయంలో నాకు నచ్చదు. దానికి బదులు చూపుడు వేలిని కొమ్మకు సమాంతరంగా, దాని పాదాల ముందు అడ్డంగా, కొమ్మ కంటే కాస్త ఎత్తులో పెట్టండి. వేలికి అవతల, ఎక్కితే తప్ప అందనంత దూరంలో కంకి. "ఎక్కు" అని ఒక్కసారి అనండి. ముందు ఒక పాదం వేస్తుంది, తీసేస్తుంది. ఆ ఒక్క పాదానికీ "టక్", ఒక గింజ. రెండు పాదాలూ వేసిన రోజు వేలిని కదపకండి, అక్కడే తిని దిగిపోనివ్వండి.

ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. చిలక జాతికి ముక్కు మూడో కాలు లాంటిది. కొత్త కొమ్మ ఎక్కే ముందు గట్టిగా ఉందో లేదో ముక్కుతో పట్టి చూస్తుంది. మీ వేలి మీదికి ముక్కు దించినప్పుడు చటుక్కున లాగేస్తే ఈ కొమ్మ ఊగుతుందని నేర్చుకుంటుంది, మళ్లీ ఎక్కదు. వేలంటే మీకే భయంగా ఉంటే ముందు అడుగు పొడవు కొమ్మ ముక్క మీద ఎక్కించి, రోజూ ఆ కొమ్మను కొంచెం కొంచెం పొట్టి చేసుకుంటూ రండి.

కరిచినప్పుడు

అరవకండి, విదిలించకండి, ముఖం మీద ఊదకండి, ముక్కు మీద కొట్టకండి. పిట్టకు శిక్ష అర్థం కాదు, మీరు ప్రమాదకరం అన్నది మాత్రం అర్థమవుతుంది. చెయ్యి అక్కడే ఒక క్షణం ఉంచి, పిట్టను దగ్గరి కొమ్మ మీదికి నెమ్మదిగా దించి, పక్కకు వెళ్లండి. తర్వాత ఆలోచించండి: ఈకలు బిగిసినా నేను ముందుకెళ్లానా, గిన్నె ముట్టుకున్నానా, నిద్రవేళా, ఈకలు రాలే రోజులా? ఈకలు మార్చుకునేటప్పుడు తల మీద, మెడ మీద ముళ్లలాంటి కొత్త ఈకలు పొడుచుకొస్తాయి. తాకితే నొప్పి. ఆ రోజుల్లో గింజలు, కబుర్లు చాలు.

పుట్టుమచ్చలు, చెవిదుద్దులు, చొక్కా గుండీలు కొరకడం కోపం కాదు, ఆట. ఓ తాటాకు ముక్కో మెత్తటి చెక్క ముక్కో ఇచ్చి దారి మళ్లించండి.

పంజరం బయట

బయటికి వదిలే ముందు ఇవి చూసుకోండి. సీలింగ్ ఫ్యాన్ ఆపి, స్విచ్ మీద టేపు అంటించండి. మన ఇళ్లలో పెంపుడు పిట్టల ప్రాణం తీసేవాటిలో ఫ్యాన్ ముందుంటుంది. కిటికీలు, తలుపులు మూసేయండి. పెద్ద అద్దానికి దుప్పటి కప్పండి. నీళ్ల బకెట్లు, కమోడ్ మూతపెట్టి ఉండాలి. పొయ్యి మీద ఏమీ ఉండకూడదు.

పంజరం తలుపు తీసి మీరు కూర్చోండి, తీసుకురావద్దు. దానంతటది గడప దాటాలి. సాయంత్రం మేతకు ముందు వదిలితే, గిన్నె చప్పుడు వినగానే లోపలికి వెళ్తుంది. వెళ్లకపోతే టవల్‌తో తరమకండి, పుల్లతో పిలవండి. ఒక్కసారి తరిమి పట్టుకుంటే వారాల పని పోతుంది. అది కర్టెన్ రాడ్ మీద కూర్చుని దిగనంటే లైటు తగ్గించి, పంజరం పక్కనే కంకి పట్టుకుని కూర్చోవడం తప్ప దారి లేదు.

రెక్కలు ముందే కత్తిరించి అమ్మారా? ఎగరలేని పిట్టకు పారిపోయే దారి లేదు కాబట్టి కరవడమే మిగులుతుంది, ఎత్తు నుంచి పడితే ఛాతీ ఎముక దెబ్బతింటుంది. ఈకలు రాలి కొత్తవి వచ్చేదాకా పనంతా నేల మీద, దుప్పటి పరిచి చేయండి.

జోడీ ఉంటే

ఒంటరిగా ఉంచితే చనిపోతుందన్న మాట నిజం కాదు. అయితే ఒంటరి పిట్టకు మీరే జత, రోజూ కొన్ని గంటలు మీ సమక్షం కావాలి. పొద్దున్నే తాళం వేసి రాత్రికొచ్చే ఇల్లైతే జోడీయే న్యాయం. జోడీని మచ్చిక చేయడం ఆలస్యమవుతుంది గానీ అసాధ్యం కాదు. ధైర్యమున్నదానితో మొదలుపెట్టండి. అది మీ చేతిలో తినడం చూసి రెండోది దగ్గరికొస్తుంది. ఇద్దరికీ ఒకే కంకి పట్టకండి, కొట్టుకుంటాయి. రెండో పిట్టను కొత్తగా తెస్తే నెల రోజులు వేరే గదిలో, వేరే పంజరంలో ఉంచాకే కలపాలి.

వెనక్కి జారినప్పుడు

దీపావళి టపాసులు, ఇల్లు మారడం, కిటికీ బయట పిల్లి, ఏదో ఒక దానికి బెదిరి మళ్లీ మూలకు చేరుతుంది. రెండు మెట్లు వెనక్కి వెళ్లి అక్కడి నుంచి రండి. రెండోసారి దారి చిన్నదే. ఏ కారణమూ లేకుండా ఒక్కసారిగా నెమ్మదైపోతే మాత్రం అనుమానించండి. ఉబ్బిన ఈకలు, శ్వాసతో పాటు ఊగే తోక, పంజరం అడుగున కూర్చోవడం, రెట్ట రంగు మారడం కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. పిట్టలు జబ్బును చివరిదాకా దాస్తాయి. పక్షులను చూసే డాక్టరెవరో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం లాంటి పశువైద్య కళాశాలలున్న చోట అడిగితే తెలుస్తుంది.

వేలెక్కడం వచ్చాక మొదట నేర్పాల్సింది వంటింటి త్రాసు ఎక్కడం. దాని మీద చిన్న కొమ్మ పెట్టి, పుల్ల చూపించి "ఎక్కు" అంటే చాలు. వారానికోసారి, పొద్దున మేతకు ముందు, గ్రాముల లెక్క క్యాలెండర్ మీద రాయండి. 50 గ్రాముల పిట్ట 45కి వచ్చిందంటే, ఎంత హుషారుగా కనిపించినా ఆగకుండా డాక్టరుకు చూపించండి.